సముద్రం రంగు మారితే హైదరాబాద్‌లో కూర్చుని ఎలా కనిపెట్టాలి

ఉప్పాడ నుంచి మా బాబాయ్ ఫోన్ చేసేసరికి నేను నిజాంపేటలో పొయ్యి దగ్గర ఉన్నాను. "ఒరే, నీళ్లు పచ్చగా గంజిలా ఉన్నాయిరా. వల లాగితే జిగురు జిగురుగా వస్తోంది. ఆ దరిదాపుల్లో చేప లేదు. మీ ఊళ్లో ఉపగ్రహాల్లోంచి సముద్రాన్ని చూసేవాళ్లు ఉంటారంట కదా, ఇది ఎంత దూరం పరుచుకుందో చెప్తారా?" అని అడిగాడు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి ఉపగ్రహ చిత్రాలు చూడటం నేర్చుకున్నాను. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు, మీరు ఇవాళే మొదలుపెట్టగలిగేలా ఇక్కడ రాస్తున్నాను.

సముద్రం లేని ఊళ్లో ఈ పని ఏమిటని అనుకోకండి. దేశం మొత్తానికి సముద్ర సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ ఉన్నది ఇక్కడే, ప్రగతినగర్‌లో. 2007 నుంచి సునామీ హెచ్చరికలు చూసే కేంద్రమూ అందులోనే ఉంది. బాలానగర్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ, అంటే ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, ఉంది. ఉపగ్రహాలు పంపే డేటా మన షాద్‌నగర్‌లోనే దిగుతుంది. రోడ్డు మీద వెళ్తే తీరం మూడు వందల కిలోమీటర్ల పైమాటే అయినా, తీరాన్ని చూసే కళ్లు మాత్రం ఈ ఊళ్లోనే ఉన్నాయి.

కావలసినవి: ఒక మామూలు లాప్‌టాప్, ఇంటర్నెట్, ఒక నోటు పుస్తకం, తీరంలో ఫోన్ ఎత్తే మనిషి ఒకరు. ఆ నాలుగోది లేకుండా మొదలుపెట్టకండి. ఎందుకో ముందుకు పోయేకొద్దీ తెలుస్తుంది. డబ్బు ఖర్చేమీ లేదు, చిత్రాలన్నీ ఉచితం.

ముందు ఒక్క మాట గట్టిగా పట్టుకోండి

ఉపగ్రహానికి కనపడేది రంగు. విషం కనపడదు.

ఎండ నీళ్లలోకి దిగి, అక్కడున్న వాటికి తగిలి, కొంత పైకి తిరిగొస్తుంది. నీళ్లలో తేలే సూక్ష్మమైన నాచులో, అంటే ఆల్గేలో, క్లోరోఫిల్ ఉంటుంది. అది నీలం, ఎరుపు వెలుగులను మింగేసి ఆకుపచ్చను వదిలేస్తుంది. మింగిన దాంట్లోంచి కొంచెం మళ్లీ ఎర్రటి మెరుపుగా, వెలుగు అల పొడవు 683 నానోమీటర్లున్న చోట, బయటికి వస్తుంది. ఉపగ్రహం పట్టుకునేది ఈ తేడాలనే. అక్కడా ఒక చిక్కుంది. పైకి చేరే వెలుగులో నీళ్ల నుంచి వచ్చేది దాదాపు పదో వంతే. మిగతాదంతా గాలి చెదరగొట్టిన వెలుగు. ఆ గాలి వాటాను లెక్కగట్టి తీసేశాకే మీకు క్లోరోఫిల్ పటం అందుతుంది. తీసివేతలో చిన్న తప్పు జరిగినా పటంలో పెద్దగా కనపడుతుంది.

పైగా పచ్చగా ఉన్న నీళ్లన్నీ చెడ్డవి కావు. ఆల్గే చేపకు మొదటి మేత. ఇన్‌కాయిస్ మత్స్యకారులకు ఇచ్చే చేపల జాడ సలహాలకు క్లోరోఫిల్, నీటి ఉష్ణోగ్రత పటాలే ఆధారం. ఒకే పచ్చదనం ఒక రోజు మంచి వేట, ఇంకో రోజు చచ్చి తేలిన చేపలు. తేడా ఎక్కడ వస్తుందంటే, ఆల్గే మితిమీరి పెరిగినప్పుడు. కొన్ని జాతులు విషం తయారుచేస్తాయి. కొన్ని చేపల మొప్పలకు అడ్డం పడతాయి. కొన్ని చచ్చి కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్‌ని తినేస్తాయి.

మొదటి మెట్టు: హుస్సేన్ సాగర్ దగ్గర చేయి తిప్పుకోండి

సముద్రం మీదికి వెంటనే పోకండి. పటంలో కనపడింది నిజమా కాదా అని కళ్లతో చూసి సరిపోల్చుకునే చోటు మనకు ఊరి నడిబొడ్డునే ఉంది.

కోపర్నికస్ బ్రౌజర్ తెరిచి ఉచితంగా ఖాతా చేసుకోండి. ఇది యూరప్ వాళ్ల సెంటినెల్ ఉపగ్రహాల చిత్రాలు చూపించే సైటు. హుస్సేన్ సాగర్ మీదికి జూమ్ చేసి, సెంటినెల్-2 ఎంచుకోండి. క్యాలెండర్‌లో చిత్రం ఉన్న తేదీలు గుర్తు పెట్టి ఉంటాయి. రెండు ఉపగ్రహాలు కలిసి దాదాపు అయిదు రోజులకోసారి, మన టైము ప్రకారం పదిన్నర, పదకొండు మధ్య హైదరాబాద్ మీదుగా పోతాయి. మబ్బు లేని రోజు చూసుకోండి. డిసెంబర్ నుంచి మే దాకా దొరకడం తేలిక.

మొదట మామూలు రంగు చిత్రం చూడండి. తర్వాత కస్టమ్ అనే చోటికి పోయి, ఇండెక్స్ ఎంచుకుని, 'A' అన్న చోట బి05, 'B' అన్న చోట బి04 పెట్టండి. ఇవి బ్యాండ్లు, అంటే ఉపగ్రహం విడివిడిగా చూసే వెలుగు ముక్కలు. బి04 ఎరుపు, 665 నానోమీటర్ల దగ్గరిది. బి05 దాని పక్కనే 705 దగ్గరిది. ఆల్గే ఎక్కువగా ఉన్న నీళ్లలో 665 దగ్గర క్లోరోఫిల్ మింగేయడంతో చీకటి, 705 దగ్గర వెలుగు. రెంటి తేడాను రెంటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె సున్నాకు పైకి పోయేకొద్దీ ఆల్గే చిక్కదనం పెరిగినట్టు. అదే తేదీకి గండిపేట చెరువును కూడా చూడండి. రెండు చెరువులూ ఒకే ఎండలో, ఒకే గాలి కింద ఉన్నాయి. రంగులో తేడా వస్తే ఆ తేడా నీళ్లదే.

ఇప్పుడు బయల్దేరండి. ఉపగ్రహం వచ్చే రోజు చూసుకుని, నెక్లెస్ రోడ్డు వైపు నీళ్లు అందే చోట చేతికి గ్లౌజులు వేసుకుని ఒక తెల్లటి ప్లాస్టిక్ సీసా నింపండి. మూత పెట్టి గంటసేపు కదపకుండా ఒక పక్కన నిలబెట్టండి. బురదైతే అడుక్కి దిగుతుంది. నీలి-ఆకుపచ్చ ఆల్గే అయితే, అదే సయనోబ్యాక్టీరియా అంటారు కదా, పైకి తేలి మూతి దగ్గర పచ్చ రవ్వలా పేరుకుంటుంది. మొదటిసారి ఆ పచ్చ రవ్వ చూసినప్పుడు, లాప్‌టాప్‌లో చూసిన ఎర్రటి పిక్సెల్ ఇదే అని నాకు ఒళ్లు జలదరించింది. ఈ ఒక్క అనుభవం కోసమైనా ఈ మెట్టు వదలొద్దు. ఆ నీళ్లు నోట్లో పడనీయకండి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

అక్కడే ఇంకో పాఠం కూడా ఉంది. ఒడ్డున గుర్రపుడెక్క పేరుకున్న చోట కూడా ఈ ఇండెక్స్ పైకి పోతుంది. అది ఆల్గే కాదు, తేలే మొక్క. బి08 అనే బ్యాండ్ చూడండి. ఆకులున్న చోట అది బి04 కంటే చాలా వెలుగుగా ఉంటుంది. నీళ్లలో మునిగి ఉన్న ఆల్గేకు అంత వెలుగు రాదు. పైన చాపలా తేలి గట్టిపడ్డ ఆల్గేకు మాత్రం వస్తుంది. అందుకే సీసా కావాలి.

రెండో మెట్టు: మీ సముద్రం మామూలు రంగు తెలుసుకోండి

ఇక్కడ ఓపిక కావాలి. చాలామంది ఈ పని చేయకుండా నేరుగా ఎర్ర మచ్చలు వెతుకుతారు. మామూలు తెలియకపోతే మారింది తెలియదు.

సముద్రమంతా పట్టుకోకండి. ఒక ముక్క ఎంచుకోండి. నాది ఉప్పాడ నుంచి కోరంగి దాకా, ఒడ్డు నుంచి నలభై కిలోమీటర్లు. మీకు బంధువులో, తెలిసిన వాళ్లో ఉన్న తీరం ఎంచుకోండి. అది సూర్యలంక కావచ్చు, భీమునిపట్నం కావచ్చు, కళింగపట్నం కావచ్చు.

నాసా వారి వరల్డ్‌వ్యూ సైటు తెరవండి, దీనికి ఖాతా కూడా అక్కర్లేదు. అందులో క్లోరోఫిల్ పొర కలపండి. మోడిస్, విర్స్ అనే పరికరాలవి రోజూ వస్తాయి. 2024 ఫిబ్రవరిలో ఎగిరిన పేస్ ఉపగ్రహానివీ ఉన్నాయి. అది వెలుగును ఎన్నో సన్నటి బ్యాండ్లుగా విడదీసి చూస్తుంది కాబట్టి ముందుముందు జాతులు వేరు చేయడానికి చాలా పనికొస్తుంది. మౌస్ బాణాన్ని నీళ్ల మీద పెడితే పక్కనున్న రంగుల పట్టీలో అంకె చూపిస్తుంది. అది ఘనపు మీటరు నీటికి మిల్లీగ్రాముల లెక్క.

మీ ముక్కలో అయిదు చోట్లు ఎంచుకోండి. ఒడ్డుకు 5, 10, 20, 30, 40 కిలోమీటర్లలో ఒక్కొక్కటి. ఒడ్డుకు కిలోమీటరు లోపల పెట్టకండి, నేల వెలుగు పక్క పిక్సెల్‌లోకి చొరబడి అంకె పాడుచేస్తుంది. మబ్బు లేని ప్రతి రోజూ అయిదు అంకెలు పుస్తకంలో రాయండి. ఒక్క పిక్సెల్ నమ్మకుండా చుట్టూ నాలుగైదు చూసి, మధ్యస్థంగా ఉన్నది రాయండి. లోసముద్రంలో, బంగాళాఖాతంలో, 0.1 నుంచి 0.3 మధ్య కనపడటం మామూలే. ఒడ్డు దగ్గర 1 నుంచి 5 దాకా పోవచ్చు. ఈ రెండిటికీ ఒకే కొలబద్ద పెడితే ప్రతి రోజూ ఒడ్డున టెన్షన్ తప్పదు.

అమెరికాలో ఫ్లోరిడా తీరంలో కరెనియా బ్రెవిస్ అనే విషపు ఆల్గే కోసం వాడే లెక్క ఒకటి మనకూ పనికొస్తుంది. ఇవాళ్టి క్లోరోఫిల్‌లోంచి, అరవై రోజుల సగటును తీసేస్తారు. ఆ అరవై రోజులు నిన్నటితో కాదు, రెండు వారాల క్రితంతో ముగుస్తాయి. ఎందుకంటే పది రోజులుగా నెమ్మదిగా పెరుగుతున్న ఆల్గే సగటులోనే కలిసిపోతే తేడా బయటపడదు. మిగిలింది 1 మిల్లీగ్రాము దాటితే వాళ్లు ఆ చోటును అనుమానం కింద గుర్తు పెడతారు. ఆ 1 అనే అంకె ఫ్లోరిడాది. మీ చోటుకు మీ పుస్తకంలోని మూడు నాలుగు నెలల అంకెలు చూసి, మామూలుగా ఎంత ఊగుతుందో తెలుసుకుని గీత గీసుకోండి.

అంకెల పక్కన కాలం కూడా రాయండి. మన తూర్పు తీరంలో ఎండాకాలం ముందు, గాలి తీరం వెంబడి వీచే రోజుల్లో అడుగునున్న చల్లటి నీళ్లు ఎరువుతో సహా పైకి వస్తాయి. విశాఖ దగ్గర దీన్ని 1950లలోనే ఆంధ్రా యూనివర్సిటీలో పనిచేసిన అమెరికా సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ పరిశీలించి రాశారు. ఆ రోజుల్లో పచ్చదనం పెరగడం సహజం. వానాకాలంలో నది నీళ్లు వచ్చి కలుస్తాయి. ఇవి కలిపి చూస్తేనే "మామూలు" అన్న మాటకు అర్థం.

మూడో మెట్టు: రోజూ అయిదు నిమిషాలు

పొద్దున టీ తాగుతూ నిన్నటి చిత్రం చూడండి. మామూలు రంగు చిత్రం, క్లోరోఫిల్, ఉష్ణోగ్రత, ఈ మూడు చాలు. దాంతోపాటు ఇన్‌కాయిస్ వారి ఆల్గల్ బ్లూమ్ సమాచార సేవ తెరవండి. ఈశాన్య అరేబియా సముద్రం, కేరళ తీరం, మన్నార్ సింధుశాఖ, ఒడిశాలో గోపాల్‌పూర్ తీరం, ఈ నాలుగు చోట్లనూ వాళ్లు ప్రత్యేకంగా గమనిస్తారు. గోపాల్‌పూర్ మన ఉత్తరాంధ్రకు పక్కనే. మన ఉపగ్రహం ఈఓఎస్-06, 2022 నవంబర్ 26న ఎగిరింది. అందులోని సముద్రపు రంగు కెమెరా 13 బ్యాండ్లలో, 360 మీటర్ల పిక్సెల్‌తో చూస్తుంది. డేటా ఎన్‌ఆర్‌ఎస్‌సీ వారి భూనిధి సైటులో దొరుకుతుంది.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులతో రోజుల తరబడి ఖాళీ చిత్రాలే వస్తాయి. ఆ ఖాళీని "ఏమీ లేదు" అని రాయకండి. "చూడలేదు" అని రాయండి. రెంటికీ చాలా దూరం.

నాలుగో మెట్టు: మచ్చ కనపడగానే అనుమానించండి

ఒక ఆగస్టులో నేను చేసిన పొరపాటు చెప్తాను. గౌతమీ గోదావరి మొగ దగ్గర క్లోరోఫిల్ పటం ఒక్కసారిగా ముదురు ఎరుపుకు తిరిగింది. నా పుస్తకంలో ఎన్నడూ లేనంత అంకె. బాబాయ్‌కి ఫోన్ చేసి, "ఆ వైపు పోకండి, పోయినా అక్కడి గుల్లలు తినకండి" అన్నాను. నా మాట నమ్మి ఆయన, ఆయనతో పాటు పోయే వాళ్లు ఆ రోజు పడవ తీయలేదు. మర్నాడు పొద్దున ఆయనే ఫోన్ చేశాడు. "అవి ఎర్రనీళ్లు రా. భద్రాచలం దగ్గర వరదొస్తే మాకిక్కడ నాలుగు రోజులకి ఇట్టాగే దిగుతాయి. చిన్నప్పట్నించీ చూస్తన్నాం" అన్నాడు. కోపం లేదు. కానీ ఒక రోజు వేట పోయింది. ఆ ఇళ్లలో ఒక రోజు వేట అంటే ఏమిటో నాకు తెలుసు, అది నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

జరిగిందేమిటంటే, మామూలు క్లోరోఫిల్ పటం నీలానికీ ఆకుపచ్చకూ ఉన్న నిష్పత్తి మీద నడుస్తుంది. లోసముద్రంలో నీలం తగ్గితే కారణం ఆల్గేనే. నది నీళ్లలో అయితే మట్టి వెలుగును పైకి తోస్తుంది, ఆకులు కుళ్లిన పసుపు రంగు ద్రవ్యం నీలాన్ని మింగేస్తుంది. పటం ఈ రెంటినీ క్లోరోఫిల్ కింద లెక్కేస్తుంది. అందుకే ఇప్పుడు నేను ఫోన్ చేయకముందు ఇవన్నీ అడుగుతాను:

మామూలు రంగు చిత్రంలో మచ్చ టీ రంగులో ఉందా, ఆకుపచ్చగా ఉందా? నది మొగకు అతుక్కుని విసనకర్రలా విచ్చుకుందా, లేక విడిగా సుడులు తిరుగుతూ ఉందా? ఎగువన వారం రోజుల్లో వరద వచ్చిందా? ఉష్ణోగ్రత పటంలో అక్కడ నీళ్లు చల్లబడ్డాయా? చల్లబడితే అడుగు నీళ్లు పైకి వచ్చినట్టు, ఆల్గేకు ఎరువు అందినట్టు. మబ్బు అంచునే ఉందా? మబ్బు నీడ, అంచు రెండూ అంకెల్ని చెడగొడతాయి. ఎండ అద్దంలా తళతళలాడే పట్టీలో ఉందా? నీళ్లు లోతు తక్కువా? మన్నార్ సింధుశాఖ, పాక్ జలసంధి వైపు అడుగున గడ్డి, పగడపు దిబ్బలు కనపడి మోసం చేస్తాయి. వరసగా రెండు చిత్రాల్లో, వీలైతే రెండు వేర్వేరు ఉపగ్రహాల్లో అదే మచ్చ ఉందా?

అయిదో మెట్టు: ఎర్ర అంచుల్లో వెతకండి

మట్టికీ ఆల్గేకూ తేడా చెప్పేది ఎరుపు దాటిన చోట. ఇందుకు సెంటినెల్-3 కావాలి. దాని రంగు కెమెరాకు 21 బ్యాండ్లు, పిక్సెల్ 300 మీటర్లు, వెడల్పు 1270 కిలోమీటర్లు. మన తీరం మీదుగా పొద్దున పది గంటల ప్రాంతంలో పోతుంది. రెండు ఉపగ్రహాలు కాబట్టి దాదాపు రెండు రోజుల్లోపే మళ్లీ వస్తుంది.

మళ్లీ కోపర్నికస్ బ్రౌజర్‌లోనే సెంటినెల్-3 రంగు కెమెరా ఎంచుకుని, కస్టమ్ స్క్రిప్ట్ గడిలో రెండు లెక్కలు వేర్వేరుగా పెట్టండి.

ఒకటి, ఆల్గే ఎర్ర మెరుపు ఎత్తు: బి10 − బి08 − 0.371 × (బి11 − బి08). సెంటినెల్-3లో బ్యాండ్ల అంకెలు సెంటినెల్-2లోవి కావు. ఇక్కడ బి08 665 దగ్గరిది, బి10 681 దగ్గరిది, బి11 709 దగ్గరిది. రెండు పక్కల మధ్య ఒక గీత గీసి, నడిమి బ్యాండ్ ఆ గీతకు ఎంత పైకి లేచిందో చూస్తున్నామన్నమాట. మట్టి ఈ మూడింటినీ దాదాపు సమంగా లేపుతుంది కాబట్టి గీతకు పైన పెద్దగా మిగలదు.

రెండు, చిక్కటి ఆల్గే గుర్తు: బి11 − బి10 − 0.379 × (బి12 − బి10). బి12 754 దగ్గరిది.

రెండూ ఎందుకంటే, ఆల్గే మధ్యస్థంగా ఉన్నప్పుడు మొదటిది పైకి లేస్తుంది. బాగా చిక్కబడ్డాక శిఖరం 681 నుంచి 709 వైపు జరుగుతుంది. అప్పుడు మొదటి అంకె పడిపోతుంది, రెండోది లేస్తుంది. మొదటిది ఒక్కటే చూసేవాళ్లకు మచ్చ సరిగ్గా నడిబొడ్డున, ఆల్గే అతి చిక్కగా ఉన్న చోట, ఖాళీగా కనపడుతుంది. చుట్టూ మెరుపు, మధ్యలో బోలు, ఇలాంటి ఉంగరం కనపడితే వెంటనే రెండో లెక్క తెరవండి.

నా ఆగస్టు చిత్రానికి తర్వాత ఈ రెండు లెక్కలూ వేసి చూశాను. రెంటిలోనూ మొగ దగ్గర ఏమీ లేవలేదు. పది నిమిషాల పని, ఆ రోజు చేయలేదు.

ఆరో మెట్టు: ఏ జాతి కావచ్చో ఊహించండి, తేల్చకండి

కాలం, చోటు కొంత చెప్తాయి. జనవరి నుంచి మార్చి దాకా ఉత్తర అరేబియా సముద్రంలో ఆకుపచ్చ సుడులు కనపడితే అది నాక్టిల్యూకా అనే సూక్ష్మజీవి కావడానికే ఎక్కువ అవకాశం. గుజరాత్ నుంచి ఒమన్ దాకా పరుచుకునే ఆ సుడులు మామూలు రంగు చిత్రంలోనే కనపడతాయి. కొత్తవాళ్లు ఒక ఫిబ్రవరి నెల చిత్రాలు వరసగా చూడండి, కన్ను కుదురుతుంది. రాత్రి అల విరిగిన చోట నీలంగా మెరిసేది కూడా ఇదే. 2019 ఆగస్టులో చెన్నై తీరంలో జనం వెళ్లి చూసి మురిసిన మెరుపు అది. ఆ తర్వాత నెల, మన్నార్ సింధుశాఖలో నాక్టిల్యూకా పెరిగి నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి చేపలు చచ్చాయి, పగడాలూ దెబ్బతిన్నాయి. మెరుపు చూసి మురిసే ముందు ఈ రెండోది గుర్తుంచుకోవాలి.

ఫిబ్రవరి నుంచి మే దాకా, గాలి పడిపోయి సముద్రం నూనెలా నిలిచిన రోజుల్లో, గోధుమ రంగు పొడుగాటి చారలు కనపడితే ట్రైకోడెస్మియం అనే సయనోబ్యాక్టీరియా అనుకోవచ్చు. దగ్గర నుంచి చూస్తే కోత మిల్లు దగ్గర రాలిన రంపపు పొట్టులా ఉంటుంది. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అంటే ఈ చారలు ఎక్కువగా వచ్చే కాలంలో దాదాపు నెలన్నర మరపడవలు ఒడ్డునే ఉంటాయి, సముద్రం మీద చూసే కళ్లు తగ్గిపోతాయి. ఆ రెండు నెలలూ ఉపగ్రహం చూడటం మానకండి.

ఇంతవరకే. ఇంతకు మించి ఉపగ్రహంతో చెప్పడం కుదరదు. కొన్ని ఆల్గేలు నీళ్లు రంగు మారనంత తక్కువగా ఉన్నా గుల్లల్లో విషం చేరుతుంది. ఫ్లోరిడాలో లీటరుకు 5,000 కణాలు దాటితే గుల్లలు ఏరడం ఆపేస్తారు. ఉపగ్రహానికి అదే ఆల్గే కనపడాలంటే లీటరుకు 50,000 దాకా ఉండాలి. పదింతలు. మన దగ్గరా ఈ ప్రమాదం జరిగింది. 1981లో తమిళనాడులోని వాయలూరులో, 1997 సెప్టెంబర్‌లో కేరళలోని విళింజంలో గుల్లలు తిని మనుషులు చనిపోయారు. విళింజంలో ఏడుగురు. అయిదు వందల మందికి పైగా ఆసుపత్రిలో చేరారు. కాబట్టి "ఉపగ్రహంలో ఏమీ లేదు, తినొచ్చు" అని ఎవరికీ, ఎప్పుడూ చెప్పకండి.

ఏడో మెట్టు: ఫోన్, సీసా

మీ అనుమానాలన్నీ దాటి మచ్చ నిలబడితే తీరానికి ఫోన్ చేయండి. "అక్కడ విషం ఉందా" అని అడగకండి. చూసింది చెప్పించుకోండి. నేను అడిగేవి ఇవి: బాబాయ్, నీళ్లు ఏ రంగు? చేత్తో తీస్తే జారుతోందా, గరగరలాడుతోందా? వాసన ఉందా? చేపలు తేలాయా, తేలితే ఏ రకాలు? రాత్రి తెడ్డు వేస్తే మెరిసిందా? ఎప్పట్నించి?

తర్వాత సీసా. శుభ్రంగా కడిగిన లీటరు సీసాను అక్కడి నీళ్లతోనే రెండుసార్లు తొలిచి, చేతి లోతు నుంచి నింపించండి. టైము, ఫోన్‌లోని లొకేషన్ రాయించండి. ఉపగ్రహం పోయిన సమయానికి మూడు గంటలు అటూ ఇటూ లోపల తీసిన నీళ్లయితేనే చిత్రంతో సరిపోల్చడానికి పనికొస్తాయి. సెంటినెల్-3 పది గంటలకు పోతే, పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా. తెల్లవారి వేట నుంచి వచ్చేవాళ్లకు ఇది కుదిరే టైమే. సీసా ఎండలో పెట్టకుండా గుడ్డ చుట్టి, మైక్రోస్కోప్ ఉన్న దగ్గరి కాలేజీ జువాలజీ ల్యాబ్‌కో, మత్స్యశాఖకో అదే రోజు చేర్చాలి. కొంత నీళ్లు వేరే సీసాలో పోసి, పలచటి టీ రంగు వచ్చేదాకా ఆల్గే చెడకుండా నిలిపే లూగాల్స్ అయోడిన్ చుక్కలు కలిపి చీకట్లో ఉంచితే తర్వాత కూడా లెక్కపెట్టొచ్చు.

ఎనిమిదో మెట్టు: కబురు రాయడం

జాతి తేలకముందు వాట్సాప్‌లో "విషపు సముద్రం" అని తిప్పితే రెండు రకాల నష్టం. మంచి చేపను కూడా ఎవరూ కొనరు. రెండోసారి మీరు నిజం చెప్పినా వినరు. నేను పంపే కబురు ఇలా ఉంటుంది:

"బాబాయ్, నిన్న పొద్దున పది గంటల చిత్రంలో ఉప్పాడకు తూర్పుగా 12 నుంచి 20 కిలోమీటర్ల మధ్య నీళ్లు మామూలు కన్నా పచ్చగా ఉన్నాయి. మట్టి కాదు, నాచే అనిపిస్తోంది. ఏ నాచో ఇంకా తెలియదు. అది తేలేదాకా ఆ చుట్టుపక్కల గుల్లలు, ఆల్చిప్పలు ఏరొద్దు. చచ్చి తేలిన చేప తేవద్దు. ఎల్లుండి మళ్లీ చూసి చెప్తాను."

చోటు, టైము, తెలిసింది, తెలియనిది, చేయాల్సింది, మళ్లీ ఎప్పుడు, అన్నీ ఉన్నాయి. గుల్లల విషం గురించి ఒకటి విడిగా నోటితో చెప్పండి. ఉడికించినా, వేయించినా ఆ విషం పోదు. గుల్లలు తిన్నాక పెదవులు, నాలుక తిమ్మిరెక్కితే నిమ్మరసాలు, మజ్జిగలు అంటూ ఆగకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి, ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. అదే కబురును చిత్రంతో సహా మత్స్యశాఖ వాళ్లకు, ఇన్‌కాయిస్‌కు పంపండి.

మచ్చ తగ్గేదాకా

చాలామంది మచ్చ కనపడిన రోజుతో ఆపేస్తారు. కానీ ఆల్గే చచ్చి కుళ్లే రోజుల్లోనే ఆక్సిజన్ పడిపోతుంది. అంటే పటంలో పచ్చదనం తగ్గుతున్నప్పుడే చేపలు తేలొచ్చు. కాబట్టి అయిదు చోట్ల అంకెలూ మీ మామూలు గీతలోకి దిగి, వారం రోజులు అక్కడే ఉండేదాకా చూస్తూనే ఉండండి. మచ్చ ఎటు జరిగిందో చిత్రం మీద చుక్కలు పెట్టుకుంటూ పోండి, ఒక్కోసారి రోజుకు కొన్ని కిలోమీటర్లు ప్రవాహంతో పోతుంది. పక్క ఊరి వాళ్లకు ముందే చెప్పొచ్చు.

తగ్గాక బాబాయ్‌కి మళ్లీ ఫోన్ చేసి, వలలో ఏం పడుతోందో అడుగుతాను. సావిడాయలు, కవళ్లు అంటూ ఆయన చేపల పేర్లు చెప్పడం మొదలుపెడితే, పుస్తకంలో ఆ తేదీ పక్కన "మామూలు" అని రాస్తాను.